బంజరని వ్రాయబడిన నేల

ఆదవాని కోటకొండ నెక్కి, ఊరి మసీదు మినారులను, పత్తి మిల్లుల రేకుల కప్పులను, రాయచూరి వైపు సాగిపోవు రైలుకట్టను దాటించి పడమటికి చూపు సారించినవానికి, వేసవిలో మనిషి పాదము దిగబడునంత వెడల్పుగా నెఱ్ఱెలు విచ్చి, తొలకరి పడినంతనే చెప్పులకు బరువై అంటుకొను నల్లరేగడి మైదానము, చెట్టు చేమ అడ్డము లేక, తుంగభద్రా హగరీనదులు కలియు దిక్కునకు పఱచుకొనిపోయి, తుదకు ఆకసములో కలిసిపోవుట కనబడును. కోటను చూడవచ్చిన యాత్రికుడు ఈ మైదానమువంక ఒక్కమాఱు చూచి, చూడదగినదేమియు లేదనుకొని, మరల గోడల శిథిలములవంకకే తిరుగును. చరిత్రకారులును అట్లే చేసిరి. దుర్గము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో సంవత్సరములతో సహా వ్రాసిరి గాని, దుర్గము క్రింది గడ్డినేల ఏమైనదో వ్రాసినవారు అరుదు.

ఆ గడ్డినేలను గూర్చి, దానిపై బ్రదికిన ఒక పక్షిని, ఒక మృగమును గూర్చి చెప్పదలచితిని. పక్షి బట్టమేక; మృగము కృష్ణజింక. పక్షి మన సీమ పొలములనుండి తొలగిపోయినది. మృగము నానాటికి పెరిగి రైతుచేత కంట నీరు పెట్టించుచున్నది. ఈ రెండింటిని కాపాడబూనినది ఒకే చట్టము, ఒకే శాఖ. కర్నూలు సీమయందు ఒకే అభయారణ్యము. ఒక్క పూనిక రెండు విరుద్ధఫలముల నెట్లు కాచెనో తెలియవలెనన్న, అభయారణ్యము పుట్టుటకు ఇంచుమించు రెండు వందల యేండ్లకు ముందునుండి కథ నందుకొనవలసియున్నది.

బట్టమేక నెఱుగనివారు ఇప్పుడు పెక్కుమంది. కావున ముందుగా దాని రూపము చెప్పెదను. మగపక్షి నిలుచున్నప్పుడు మీటరు ఎత్తుండును. పదునైదు కిలోల వఱకు తూగును. ఎగురనేర్చిన పక్షులలో ఇంతకంటె బరువైనవి లోకమున మిక్కిలి తక్కువ. నెత్తిపై నల్లని టోపి, పొడవైన తెల్లని మెడ, బీడు నేలలో కలిసిపోవు గోధుమవన్నె వీపు. పెట్ట బరువున అందులో సగము. అది గూడు కట్టదు. వట్టి నేలమీద, సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. కుక్క ముట్టినను, కాకి పొడిచినను, మంద త్రొక్కినను ఆ యేటి సంతానము పోయినట్లే. మిడుతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు, కోత పిదప చేనిలో రాలిన జొన్నగింజలు, వేరుసెనగ బుడ్డలు దాని ఆహారము. వానకాలమున మగపక్షి మిట్టనేలపై నిలిచి, మెడక్రింది సంచిని ఇంచుమించు నేలకు వ్రేలాడునట్లు ఉబ్బించి, తోకను వీపుపైకి విప్పి, దూరమునకు వినబడు గంభీరధ్వనితో పెట్టను పిలుచును. కృష్ణజింకకు మన పూర్వులు ఒక్క పేరుతో తృప్తిపడలేదు. మగదానిని ఇఱ్ఱి యనిరి, ఆడుదానిని లేడి యనిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఈ దేశపు పక్షులను గూర్చి గ్రంథములు వ్రాసిన ఆంగ్లేయులు బట్టమేక అను తెలుగు పేరును, దాని చిన్నజాతికి నేలనెమలి యను పేరును తమ పుటలకెక్కించుకొనిరి. ఆ పేర్లు వారికి చెప్పినవారు పండితులు కారు. పొలములవెంట తిరుగు వేటగాండ్రు, గొఱ్ఱెలకాపరులు. నిఘంటువు చూడక పేరు చెప్పగలిగినవారు ఊరికి పదిమంది యున్నంతకాలము ఆ పక్షికి దిక్కు కలదనవచ్చును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. గడ్డినేల యనగా మనిషి చేయి పడని వన్యస్థలమనుకొనుట పొరపాటు. ఆదవాని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతములందలి నల్లరేగడి వేల యేండ్లుగా సేద్యమెఱిగిన నేల. వేరు లోతుకు దిగి పాతుకొనిన గడ్డిని పెకలించుటకు, ఒక కాడి చాలక, పెక్కు జతల యెడ్లను పూన్చి పెద్దమడకను దున్నెడివారు; ఒకమాఱు అట్లు దున్నిన చేను పిదప చాల యేండ్లు గుంటకతోడను గొఱ్ఱుతోడను గడచిపోయెడిది. ముంగారి తొలివానకు కొఱ్ఱసాళ్ళ నడుమ పత్తి, హింగారి మలివానకు జొన్న, ఎఱ్ఱనేల వచ్చినచోట్ల సజ్జ, తరువాతి కాలమున బుడ్డలు. వాన తప్పినయెడలను, ఎడ్లు చచ్చినయెడలను, కాపు వలసపోయినయెడలను చేను బీడుపడి రెండు మూడేండ్లలో మోకాలెత్తు పచ్చికయగును. ఆ బీడులమీద కురువలు మందలు మేపిరి. మేత ముగిసిన మందను కాపువాని చేనిలో రాత్రులు విడియించి, ఎరువునకు బదులు గింజలు తీసికొనిరి. ఈ రీతిగా చేను బీడగుచు, బీడు చేనగుచు, ఒకచోట పొట్టిగడ్డి, ఒకచోట పొడుగుగడ్డి, ఒకచోట కోసిన కొయ్యకాలు, ఒకచోట దున్నిన బెడ్డ, అన్నియు ఒకదాని ప్రక్క ఒకటిగా నుండెడివి. బట్టమేకకు కావలసినది సరిగా అట్టి అతుకులబొంత. గ్రుడ్డు పెట్టుటకు మఱుగైన గడ్డి, ఆడుటకు బోడినేల, మేయుటకు మందవెంట లేచు మిడుతలు, కోసిన చేనిగింజలు. ఆ పక్షికి సంరక్షకుడు రాజు కాడు, దొర కాడు. తనకు తెలియకయే కాపరియు కాపువాడును దానిని సంరక్షించిరి. ఈ మాటయే నా వ్యాసమునకు మూలకందము. అభయారణ్యములను ఏలువారు తఱచు మఱచినదియు ఇదియే.

దుర్గపు చరిత్ర ఇచ్చట రెండు మాటలలో చెప్పినను చాలును. విజయనగరమునకు ఉత్తరపు తలుపుగా నున్న ఆదవాని, తళ్ళికోట పిదప బీజాపురపు ఆదిల్‌షాహీలకు చిక్కెను; వారి పక్షమున ఏలిన సిద్ది మసూద్‌ఖాను కట్టించిన జామియా మసీదు నేటికిని ఊరికి అలంకారముగా నున్నది. మొగలాయీలు వచ్చిరి, నిజాము కుటుంబమునకు చెందిన బసాలత్‌జంగునకు ఇది జాగీరైనది, 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటగోడలను పడగొట్టించెను. ఈ ఏలికలందఱకును ఈ మైదానము దండుగుఱ్ఱములకు మేత, వేట వినోదము. పెంపుడు చీతాను బండిమీద కట్టి తెచ్చి ఇఱ్ఱిపైకి విడుచుట దక్కను నవాబుల వేడుకలలో నొకటి. అయినను వారి వేటచే ఇఱ్ఱి తఱుగలేదు. మంద తరలిపోవుటకు వేఱొక బీడు ఎల్లప్పుడు నుండెడిది.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరై, ఊరూర గుడారము వేసికొని, చేను చేనును కొలిపించి, రైతుకు దొరతనమునకు నడుమ మధ్యవర్తి లేని రైతువారీ పద్ధతిని స్థిరపఱచెను. అతడు రైతు మేలు కోరినవాడు. మద్రాసు గవర్నరై యుండియు దత్తమండలములను కడసారి చూడవచ్చి, 1827 జులై 6వ తేదీన మన పత్తికొండలోనే విషూచిచే కన్నుమూసెను. అతని స్మృతికై అచ్చట తోపు నాటించి బావి కట్టించిరి. అతనిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని లెక్క యనునది తాను లెక్కింపగలదానినే చూచును. పన్ను వచ్చు నేల సాగుభూమి. పన్ను రాని నేల బంజరు, లేక పోరంబోకు. గొఱ్ఱె మేసినను, లేడి యీనినను, బట్టమేక పొదిగినను, లెక్కలో అది బంజరే. ఆ మాట ఒక్కమాఱు గ్రామలెక్కలో కెక్కినపిదప దానికి పర్యవసానము ఒక్కటే. బంజరును ఏదో యొక విధమున ‘ఉపయోగము’లోనికి తేవలెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వచ్చి రిజర్వు అడవులను గీచినప్పుడు, గీత కొండలను చుట్టుకొని వెడలెనే గాని మైదానపు పచ్చికలను ఇంచుమించు తాకనే లేదు. చెట్టు ఉన్నచోటు అడవియైనది. గడ్డి ఉన్నచోటు ఎవరిదియు కాకపోయినది.

పిదప తుపాకి వచ్చెను. బళ్ళారి పెద్ద దండుమకాము. సెలవుదినమున మైదానముమీదికి వెడలిన దొరకు ఇఱ్ఱి కొమ్ములు గోడకు, బట్టమేక మాంసము విందుకు. ఈ జాతిని దక్కనులో ఎంత దారుణముగా చంపిరో చెప్పుటకు అహమ్మదునగరు ప్రాంతపు లెక్క యొకటి చాలును. రాబర్ట్ మాన్స్‌ఫీల్డు అను నొక్క మనుష్యుడు 1809 మొదలు 1829 వఱకు 961 బట్టమేకలను కాల్చెను. ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టు పక్షి ఇట్టి వేటను ఎన్ని తరములు తాళగలదు? 1871లో మద్రాసు రైలు గుంతకల్లు ఆదవానులమీదుగా రాయచూరు చేరినది. అమెరికా అంతర్యుద్ధమున పెరిగిన పత్తివెల అప్పటికే రేగడి కాపులను ఊరించియుండెను. రైలు ఆ పత్తికి బొంబాయి త్రోవ చూపెను. ఆదవాని రెండవ బొంబాయి యని పేరుగాంచెను. చెప్పరాని కఱవుగా బళ్ళారి కర్నూలు సీమలను వల్లకాడు చేసిన 1876-78 క్షామమునందు ఊళ్ళకూళ్ళు బీడుపడెను. ఆ దుర్దినములలో పచ్చిక మరల పెరిగియుండును. మనుష్యుల యిడుమలతో పెరిగిన గడ్డిని మెచ్చుకొన నాకు నోరాడదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. అంతవఱకు బళ్ళారి జిల్లాలోనున్న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు వచ్చినవి. సిరుగుప్ప మైసూరునకు పోయినది. భాషనుబట్టి గీచిన ఆ గీత న్యాయమైనదే. కాని నల్లరేగడికి భాష లేదు. ఒకే మైదానము నాటినుండి రెండు రాష్ట్రములు, రెండు అటవీశాఖలు, రెండు లెక్కలై పోయెను. ఆ గీత పర్యవసానము ముందు చూతము. అదే 1953లో తుంగభద్రకు అడ్డుకట్ట పూర్తియై, దిగువకాలువ ఆదవాని ఎమ్మిగనూరు పొలములకు నీరు తెచ్చినది. కాగితముమీద కర్నూలు జిల్లాకు దాని ఆయకట్టు లక్షన్నర ఎకరములు. కఱవు నేలకు నీరు వచ్చినప్పుడు సంతసింపనివా డెవడు? నీరు వచ్చినచోట వరి, మిరప, పత్తి నిలిచినవి. బీడునకు తావు లేకపోయినది. నీరు రాని మిట్టలయందును జొన్న కొఱ్ఱలు తగ్గి బుడ్డలు, పత్తి పెరిగినవి. మందుపిచికారీతో మిడుత చచ్చినది. మిడుత చచ్చిన చేనిలో బట్టమేక పిల్ల ఏమి తిని పెరుగును?

పక్షి తరిగిపోవుచున్నదని పెద్దలకు తెలియకపోలేదు. సలీం అలీ దీనిని జాతీయపక్షిగా ప్రకటింపవలెనని కోరెను. దేశము 1963లో నెమలిని వరించెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము బట్టమేకను, కృష్ణజింకను రెండింటిని మొదటి షెడ్యూలులో చేర్చెను. కర్నూలునకు తూర్పుగా నందికొట్కూరు సమీపమున, రోళ్ళపాడు గ్రామపు పచ్చికలలో బట్టమేకలు ఇంకను పొదుగుచున్నవని వెల్లడియైనపుడు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు 1980 దశకమున అచ్చట ఏండ్ల తరబడి పరిశోధన సాగించిరి. అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ అను శాస్త్రజ్ఞుల శ్రమఫలముగానే ఈ పక్షి నడవడిని గూర్చి నేడు మనకు తెలిసినదానిలో పెద్ద భాగము తెలిసినది. 1988లో 614 హెక్టార్ల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ చిన్ని పచ్చికలో బట్టమేక మాత్రమే కాదు, నేలనెమలి, తోడేలు, గుంటనక్క, శీతకాలమున మధ్య ఆసియానుండి వచ్చి సాయంసమయమున గడ్డిలో గుంపులుగా దిగు గద్దజాతి పక్షులు, ఎన్నియో నివసించెను.

తొలినాళ్ళ ఫలితము ఆశాజనకముగానే యుండెను. కందకము త్రవ్వి, కట్ట పోసి, పశువుల నాపి, కాపలా పెట్టగా గడ్డి లేచెను. ఆ గడ్డిలో బట్టమేకలు గ్రుడ్లు పెట్టెను. సంఖ్య కొన్ని పదులకు చేరెను. నాడు దేశమంతట ఆ పేరు వినబడెను. కర్నూలు జిల్లా రైతు పొలములో లోకమునకు కరవైన పక్షి బ్రదుకుచున్నదని మనమందఱము గర్వించితిమి. ఆ గర్వము పదేండ్లైన నిలువలేదు. పక్షులు తగ్గుట మొదలుపెట్టెను. ఇటీవల ఒక్కటి కనబడుటయే వార్తయైనది.

ఏల ఇట్లైనది? లోపలి గడ్డిలో దోషము లేదు. దోషము గడ్డిని లోపలిదనియు వెలుపలిదనియు విడదీయుటలోనే యున్నది. బట్టమేక ఆరు చదరపు కిలోమీటర్లలో బ్రదుకు పక్షి కాదు. పొదుగు ఋతువు ముగిసినంతనే పదుల కొలది మైళ్ళు తిరుగును. కట్టకు వెలుపల నుండిన జొన్నచేను, కొఱ్ఱచేను, బుడ్డలచేను దానికి వంటిల్లు. కట్టలోపలి గడ్డి పురిటిగది మాత్రమే. పురిటిగదికి తాళము వేసి, వంటింటిని గాలికి వదలినట్లైనది. శ్రీశైలము కుడిగట్టు కాలువ, అలగనూరు జలాశయము సమీపమునకు రాగా చుట్టుపట్ల పైరు మారెను. లోపల పశువులు మేయరాదనుటచే కాపరికి ఆ నేలతో సంబంధము తెగెను. అటుపై, రక్షణ కలిగిన కృష్ణజింక కొలదిపాటి మందనుండి వందలుగా పెరిగెను. వేటగాడు లేడు, తోడేలు చాలదు, లోపలి గడ్డి చాలదు. రాత్రివేళ కట్ట దాటి చేలమీద పడెను. తన మేతభూమి పోయి, తన పైరు పోయి, ఇవి రెండును ఎవరి పేరున పోయినవో ఆ పక్షిమీద రైతుకు ప్రేమ యెట్లు నిలుచును? ఒకనాడు పేరు పెట్టి పిలిచిన కాపు నోటనే అది ‘సర్కారు పిట్ట’ అయినది. నా మట్టునకు, అభయారణ్యము ఓడిపోయినది నాడే.

ఈ దుర్గతి రోళ్ళపాడునకే పట్టలేదు. షోలాపురము నన్నజ్ వద్ద 1979లో ఏర్పడిన బట్టమేకల అభయారణ్యము మొదట 8,496 చదరపు కిలోమీటర్లు. పట్టణములు, చెఱకుతోటలు, రైతుల పట్టాభూములు అన్నియు దానిలోనే. ఏలలేనంత నేలను కాగితముమీద ఏలగా, తుదకు 1,222 చదరపు కిలోమీటర్లకు దించిరి. మధ్యప్రదేశమున కరేరాలో 1981లో రెండు వందల చదరపు కిలోమీటర్ల రైతుభూములను అభయారణ్యము చేసి భూముల క్రయవిక్రయముల నాపిరి, ప్రజలు కసిగొనిరి, కృష్ణజింకలు పెరిగెను, పదునైదేండ్లు నిండకమునుపే బట్టమేక అదృశ్యమయ్యెను. కర్ణాటకమున రాణీబెన్నూరులో కృష్ణజింకకై యేర్పడిన రక్షితస్థలమునందు నీలగిరి చెట్లు నాటి పచ్చికను మూసివైచిరి. అడవిశాఖకు చెట్టు నాటుటయే పుణ్యకార్యమని తోచుట ఎంత సహజమో, గడ్డిపక్షికి అది ఎంత ప్రాణాంతకమో ఆ చోట తెలిసెను. ఒకచోట నేల మిక్కిలి చిన్నది, ఒకచోట మిక్కిలి పెద్దది, ఒకచోట చెట్టు, ఒకచోట కట్ట. దోషములు వేఱైనను మూలమొక్కటే. నేలను ఏలబూనినవారు ఆ నేలమీద దున్నువానిని, మేపువానిని లెక్కలో చేర్చుకొనలేదు.

మరల పడమటికి వత్తము. ఆదవాని, ఆస్పరి, ఆలూరు పొలములలో నేడు జింకల మందలు పగలే కనబడును. మొలక రెండాకులు వేసినది మొదలు చేనికి కాపలా; రైతు రాత్రి టార్చిలైటు పట్టుకొని తిరుగును; రంగు చీరెలు కట్టును; డబ్బాలు మ్రోగించును; తెల్లవాఱి చూచునప్పటికి సాలు సాలే బోడి. మరల విత్తవలెనన్న విత్తనపు వెల, వాన అదను రెండును మించిపోవును. నష్టపరిహార మున్నదందురు, అర్జీ, తనిఖీ, పంచనామా, మంజూరు కాగల కాలమునకు ఆ పంట ఋతువే గడచిపోవును. జింకలను పట్టి మఱియొకచోటికి తరలింపుడని రైతులు కోరుచున్నారు. కోరుటలో తప్పు లేదు. కాని పట్టుబడిన జింక భయముచేతనే ప్రాణము విడుచు స్వభావము కలది. తరలింపబడినచోట పచ్చిక లేనియెడల, అది అచ్చటి రైతు చేనిమీద పడును. జింకకు పచ్చిక లేకుండ చేసి, చేను మేసినదని దానిని నిందించుట న్యాయము కాదు. రైతు చేను పోవుచుండగా జింక మన రాష్ట్రమృగమని అతనికి ఉపదేశించుట అంతకంటెను న్యాయము కాదు.

ఇట నొక విషయము చెప్పవలసియున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది అదియే. లోకమున నేడు స్వేచ్ఛగా తిరుగు బట్టమేకలు నూటయేబదికి లోపు; వానిలో హెచ్చుపాలు రాజస్థానపు థారు ఎడారిలో నున్నవి. దక్షిణమున మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినవి; ఆ కొలదిపాటిలో కొన్ని బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా రేగడిచేలలో కనబడుచు వచ్చినవి. సిరుగుప్ప ఆదవానికి సూటిగా పడమట నలుబది కిలోమీటర్లు. రోళ్ళపాడో, నూరు కిలోమీటర్లకు మించిన తూర్పు దూరమున నున్నది. 2022లో జిల్లాల విభజనతో నంద్యాలజిల్లాకు పోయినది. బట్టమేక కొఱకు మనము కట్ట పోసిన చోటు ఒకటి, బట్టమేక మిగిలిన చోటు వేఱొకటి. మిగిలిన చోటు అభయారణ్యము కాదు. జొన్న, శనగ, పత్తి పండు వట్టి మెట్టపొలము. కొన్ని కిలోమీటర్ల ఈవల ఆంధ్రదేశము. నడుమ 1953 గీత.

అట్లగుటచే కర్తవ్యము రోళ్ళపాడు కట్టను ఇంకొక మూరెడు లేపుట కాదు. ఆదవాని సిరుగుప్పల నడుమనున్న మెట్టరేగడిని రెండు రాష్ట్రములు ఒక్క పొలముగా చూడవలెను. వానమీద జొన్న, కొఱ్ఱ, సజ్జ వేసి, మందు తగ్గించి, కోత పిదప కొయ్యకాలును దున్నక కొంతకాలము నిలుపు రైతుకు, వేఱుపంటవలన రాదగిన లాభపు వ్యత్యాసమును ప్రతియేట చేతికీయవలెను. కురువల మందలను వెడలగొట్టుటకు బదులు, పొదుగు మాసములలో నాపి తక్కిన మాసములలో రప్పించి, ఏ బీడు ఎప్పుడు మేపవలెనో వారితోనే నిర్ణయింపవలెను. ఊరికుక్కలకు సంతాననిరోధ చికిత్స చేయింపవలెను. నేలగ్రుడ్డుకు అవి పెద్ద శత్రువులు. విద్యుత్తీగల సంగతియు చూడవలెను. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే బట్టమేకకు ఎదుటి విద్యుత్తీగ కనబడదు. బరువైన దేహము తిప్పుకొనలేక తగిలి చచ్చును. ఈ కారణముననే 2021లో సర్వోన్నత న్యాయస్థానము రాజస్థాన గుజరాతులలో తీగలను భూగర్భమున వేయుమని ఆజ్ఞాపించి, 2024లో ఆ యాజ్ఞను సడలించినది. మన కర్నూలు సీమలో 2017 నాటికే ఓర్వకల్లు దగ్గఱ వేయి మెగావాట్ల సౌరక్షేత్రము వెలసినది. సూర్యశక్తి మనకు వలదని నేననను. కాని అద్దములు పఱచు తావును వెదకునప్పుడు ‘బంజరు’ అను గళ్ళనే ముందుగా చూచుచున్నారు. అడంగలులోని ఆ మాటకు ప్రక్కన ‘మేతబీడు’ అని వ్రాయించుట, ఒక్క పైస వ్యయము లేక ఒక తహసీలుదారు చేయగల గొప్ప సంరక్షణకార్యము.

ఇది రైతులచే కాని పనియనువారికి ఎమ్మిగనూరు చూపెదను. ఇదే రేగడిపత్తిని వడికి నేసిన మగ్గపువారు, సావుకారుల అప్పులలో మునిగి, ఒకరికొకరు సంబంధము లేక చెదరియుండిన కాలమున, 1938లో మాచాని సోమప్ప వారిని నేతగాండ్ర సహకార సంఘముగా కూర్చెను. నూలు సంఘమిచ్చెను, గుడ్డను సంఘము కొనెను; ఎమ్మిగనూరు దుప్పటి దేశమంతట పేరుగాంచెను. మగ్గము నేతగానిదే, నడిపింపు అందఱిది. పచ్చికకు అట్టి సంఘమేల యుండరాదు? చట్టము అడ్డము రాదు; 2002 సవరణ వన్యప్రాణి చట్టములో సామాజిక రక్షితస్థలమను నొక రూపమును చేర్చెను; భూమి ప్రజలదిగానే యుండును, యాజమాన్యము గ్రామప్రతినిధులు కల సంఘముది. అనంతపురము సీమలో వీరాపురమువారు ఏ చట్టమును చదువకయే, చింతచెట్లపై పిల్లలను పెట్టుటకు వచ్చు కొంగలను పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొనుచున్నారు. 2019లో జైసల్మేరు దగ్గఱ సమ్ గ్రామమున బట్టమేక గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు కేంద్రము మొదలైనది. ఆ పిల్లలు పెరుగుచున్నవి. ఒకనాడు వానిని విడుచుటకు దక్కనులో నేల వెదకుదురు. ఆనాటికి మన యొద్ద చూపదగిన నేల యుండవలెను. నేలతోపాటు, దానిమీద వచ్చి వ్రాలు పక్షిని పేరు పెట్టి పిలువగల కాపు ఒక్కడైన నుండవలెను.

ఆదవానినుండి పడమటికి పోవు దారివెంట, రాష్ట్రపు ఎల్లరాయికి ఇరువైపుల, హింగారి వాన పడినపిదప గొఱ్ఱు పట్టుకొని వెడలు కాపులు ఇప్పటికిని జొన్న విత్తుచున్నారు. ఇటువాడు తెలుగున ఎద్దు నదలించును, అటువాడు కన్నడమున. చేలగట్టుపై నిలిచి చూచిన, గొఱ్ఱు గీచిన సాళ్ళు ఎల్లరాయి దగ్గఱ ఆగి, అడుగు దూరమున మరల మొదలగుచుండును. నడుమ మిగిలిన ఆ అడుగు నేలపై, ఎవరును విత్తక, ఎవరును కోయక, గడ్డి పెరుగుచుండును.